షెరీఫ్ ఆఫీస్ వాళ్ళ సిటిజన్స్ అకాడమీకి వెళ్ళా, అక్కడ చూసినవి - నా అనుభవం

మేము ఇల్లు కొన్నది డల్లాస్ కి పైన, 380 హైవే దాటాక వరసగా లేచిన కొత్త కమ్యూనిటీల్లో ఒకదాంట్లో. అడ్రస్ లో ఒక సిటీ పేరు ఉంటుంది గానీ అది పోస్టాఫీస్ లెక్క, నిజానికి మా వీధి ఏ సిటీ లిమిట్స్ లోకీ రాదు, అన్‌ఇన్‌కార్పొరేటెడ్ ఏరియా అంటారు ఇక్కడ. సిటీ ట్యాక్స్ ఉండదని రియల్టర్ చెప్తే అందరం సంతోషపడ్డాం, సిటీ పోలీస్ కూడా ఉండరని అప్పుడు ఎవరికీ తట్టలేదు. పక్క వీధిలో గరాజ్ లో దొంగతనం జరిగితే వాళ్ళు సిటీ పోలీస్ కి ఫోన్ చేశారు, ఆ అడ్రస్ మా పరిధిలోది కాదండీ కౌంటీ షెరీఫ్ ఆఫీస్ కి చేయండి అన్నారంట. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూప్ లో ఇదే చర్చ, షెరీఫ్ అంటే ఎవరు, డిప్యూటీ అంటే ఎవరు, కానిస్టేబుల్ వేరేనా, ఎవరికి తోచింది వాళ్ళు చెప్తున్నారు. ఆ గొడవలోనే ఎవరో షెరీఫ్ ఆఫీస్ వాళ్ళు నడిపే సిటిజన్స్ అకాడమీ గురించి పెట్టారు, వాళ్ళ పని ఎలా ఉంటుందో మామూలు జనానికి చూపించే క్లాస్ అది, నేను వెంటనే ఫారం నింపేశా.

ఫారం పెద్దగా ఏం లేదు. డ్రైవింగ్ లైసెన్స్ కాపీ, బ్యాక్‌గ్రౌండ్ చెక్ కి ఒప్పుకుంటూ ఒక సంతకం, గస్తీ కార్లో వాళ్ళతో తిరిగేటప్పుడు ఏదైనా జరిగితే కౌంటీని బాధ్యుల్ని చేయనని ఇంకో సంతకం. ఫీజు లేదు. పేరులో సిటిజన్స్ అని ఉంది కదా, గ్రీన్ కార్డ్ కూడా రాని వాళ్ళం మనకెందుకు ఇస్తారు అని మా ఆయన అన్నారు, ఫోన్ చేసి అడిగితే ఈ కౌంటీలో ఉంటున్నారా లేదా అన్నదే చూస్తాం అన్నారు. మీ కౌంటీలో రూల్ వేరే ఉండొచ్చు, కానీ ఆ పేరు చూసి ఆగిపోకండి, ఒక ఫోన్ చేసి అడగండి. వారానికో సాయంత్రం క్లాస్, ఆఫీస్ నుంచి సరాసరి వెళ్ళి కూర్చునేదాన్ని.

మొదటి రోజు షెరీఫ్ గారే వచ్చి మాట్లాడారు. మన దగ్గర జిల్లా ఎస్పీ అంటే ఐపీఎస్ ఆఫీసర్, గవర్నమెంట్ పోస్టింగ్ ఇస్తుంది, గవర్నమెంటే మారుస్తుంది. ఇక్కడ షెరీఫ్ ని జనం ఓటేసి ఎన్నుకుంటారు, నాలుగేళ్ళకోసారి. టెక్సస్ లో 254 కౌంటీలున్నాయి, ప్రతి కౌంటీకి ఒక షెరీఫ్ ఉండాలని 1876 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుంది. అలాగని డబ్బు ఆయన చేతిలో ఉండదు, బడ్జెట్ ఆమోదించేది కమిషనర్స్ కోర్ట్ అని ఇంకో ఎన్నికైన బోర్డు, ఒక కారు కొనాలన్నా ఇంకో పది మందిని తీసుకోవాలన్నా వాళ్ళ దగ్గరికెళ్ళి లెక్కలు చూపించాల్సిందే. ఇక కానిస్టేబుల్ అంటే మనం అనుకునే కింది స్థాయి పోలీస్ కాదు, వాళ్ళూ విడిగా ఎన్నికైన వాళ్ళే, మా వైపు ఇల్లు ఖాళీ చేయించే నోటీసులు, కోర్టు కాగితాలు అందించడం ఎక్కువగా వాళ్ళ పని. ఇదంతా రెండు గంటల్లో అయిపోయింది, బానే ఉంది అనుకున్నా అంతే. నాకు ఈ క్లాస్ నిజంగా పట్టింది జైలు చూసిన రోజు.

షెరీఫ్ ఆఫీస్ అంటే రోడ్డు మీద తిరిగే కార్లు అనుకుంటాం కదా, అక్కడ పనిచేసే వాళ్ళలో పెద్ద భాగం జైల్లోనే ఉంటారు, ఎందుకంటే కౌంటీ జైలు నడిపే బాధ్యత షెరీఫ్ దే. సిటీ పోలీస్ అరెస్ట్ చేసినా, హైవే మీద స్టేట్ ట్రూపర్, అంటే రాష్ట్ర పోలీస్, అరెస్ట్ చేసినా చివరికి మనిషిని తెచ్చి అప్పజెప్పేది ఇక్కడే. ఆ రోజు ఫోన్లు, స్మార్ట్ వాచీలు కార్లోనే వదిలి రమ్మన్నారు. మమ్మల్ని తిప్పింది ఒక సార్జంట్, సర్వీస్ మొత్తం జైల్లోనే చేసిన ఆవిడ. వెనక వైపు పెద్ద షట్టర్ ఉన్న గది ఉంటుంది, గస్తీ కారు అందులోకి వచ్చి వెనక షట్టర్ పూర్తిగా కిందికి దిగాకే లోపలి తలుపు తీస్తారు, డిప్యూటీ, అంటే షెరీఫ్ కింద పనిచేసే ఆఫీసర్, తన గన్ అక్కడే గోడకున్న చిన్న లాకర్ లో పెట్టి తాళం తీసుకుని లోపలికొస్తాడు.

బుకింగ్ కౌంటర్ దగ్గర చాలాసేపు నిలబెట్టారు మమ్మల్ని. పర్స్, అందులో డబ్బు సెంట్లతో సహా లెక్కపెట్టి రాస్తారు, ఉంగరం, బెల్టు, షూ లేసులు, హుడీకి ఉండే తాడు కూడా లాగేస్తారు. నేను ఉండబట్టలేక నా మెడలో గొలుసు చూపించి, ఇది మా పెళ్ళి గుర్తు, మా ఆడవాళ్ళు దీన్ని తియ్యరు, అప్పుడేం చేస్తారు అని అడిగా. ఆవిడ తొందరేం పడకుండా విని, "తియ్యాల్సిందే అమ్మా, మెడకి బిగుసుకునేది ఏదీ లోపలికి వెళ్ళకూడదు, కానీ నువ్వు నాకు చెప్పినట్టే అక్కడున్న ఆఫీసర్ కి చెప్తే నీ ముందే విడిగా చిన్న కవర్లో పెట్టి సీల్ వేసి, ఏముందో రాసి సంతకం తీసుకుంటాం, విడుదలప్పుడు అదే సీల్ నీ ముందే తెరుస్తాం" అంది. శాకాహారం సంగతి కూడా అడిగా, మత కారణంగా మాంసం తినకపోతే చాప్లిన్ కి, అంటే జైల్లో మత విషయాలు చూసే ఆయనకి, రాసివ్వాలంట, వెంటనే కాదు గానీ ఏర్పాటు చేస్తారంట.

తర్వాత ప్రశ్నలు. ఇది రాష్ట్రం ఇచ్చిన ఫారం, లోపలికొచ్చే ప్రతి మనిషినీ అడగాలి. ఏ మందులు వాడుతున్నారు, షుగర్ ఉందా, ఈ మధ్య దగ్గరివాళ్ళు ఎవరైనా పోయారా, ఉద్యోగం పోయిందా, చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఇప్పుడు అనిపిస్తోందా. మనవాళ్ళు ఇక్కడ పరువుకి పోయి అన్నిటికీ నో అనేస్తారని నాకనిపించింది. దయచేసి అలా చేయకండి, నిజం చెప్పండి, ఇన్సులిన్ తీసుకునే మనిషి ఆ మాట దాచేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫోన్ ఎలాగూ లాగేసుకుంటారు, లోపలికొచ్చిన నాలుగు గంటల్లోపు రెండు కాల్స్ చేసుకోనివ్వాలని రూల్ ఉంది, కానీ నంబర్ గుర్తుంటేనే కదా. మా క్లాస్ లో సార్జంట్ అడిగితే భార్య నంబర్, భర్త నంబర్ చూడకుండా చెప్పగలిగిన వాళ్ళు సగం మంది కూడా లేరు. ఇంకోటి, వేరే దేశం పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి మీ కాన్సులేట్ కి చెప్పమంటారా అని అడగాలి, 1963 వియన్నా ఒప్పందం అది. కొన్ని దేశాల వాళ్ళయితే అడిగినా అడక్కపోయినా చెప్పి తీరాలి, ఇండియా ఆ లిస్ట్ లో లేదు, అంటే మనం చెప్పమంటేనే హ్యూస్టన్ కాన్సులేట్ కి కబురు వెళ్తుంది. అలాగే బుకింగ్ లో తీసుకునే వేలిముద్రలు ఎఫ్‌బీఐ కి, అక్కణ్ణించి ఇమిగ్రేషన్ చూసే హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ కి వెళ్తాయి, చిన్న కేసే కదా ఎవరికి తెలుస్తుంది అనుకునే వీసా వాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

లోపల సెల్స్ వైపు వెళ్తే గోడ మీద అక్కడక్కడా గుండ్రంగా చిన్న మెటల్ బటన్లు బిగించి ఉన్నాయి. డిటెన్షన్ ఆఫీసర్ చేతిలో టార్చ్ లాంటి కడ్డీ ఉంటుంది, రౌండ్ కి వచ్చినప్పుడు ఆ బటన్ కి తాకిస్తే టైమ్ రికార్డ్ అయిపోతుంది, తర్వాత మార్చడానికి ఉండదు. టెక్సస్ లో ప్రతి ఖైదీనీ కనీసం గంటకోసారి ఎదురుగా వెళ్ళి చూడాలి, ప్రాణం తీసుకునే ప్రమాదం ఉన్నవాళ్ళని, మానసిక సమస్య ఉన్నవాళ్ళని కనీసం అరగంటకోసారి. నలభై ఎనిమిది మందికి ఒక ఆఫీసర్ తగ్గకుండా ఉండాలి. 1975 లో పెట్టిన జైల్ స్టాండర్డ్స్ కమిషన్ వాళ్ళు వచ్చి ఈ రికార్డులన్నీ చూస్తారు. చూడటం అంటే కిటికీలోంచి తొంగి చూసి పోవడం కాదని సార్జంట్ చేసి చూపించింది. దుప్పటి నిండా కప్పుకుని పడుకున్న మనిషి దగ్గర ఆగింది, ఛాతీ లేచి దిగడం కనపడేదాకా కదల్లేదు, కనపడ్డాకే కడ్డీ బటన్ కి తాకించింది. ఒక్క మనిషి దగ్గర ఎంత టైమ్ పట్టిందో చూసి, ఇలా రాత్రంతా, ప్రతి సెల్ దగ్గర, గంట గంటకీ అంటే ఎలా చేస్తున్నారో అనిపించింది.

2015 జూలైలో వాలర్ కౌంటీ జైల్లో శాండ్రా బ్లాండ్ చనిపోయిన సంగతి ఆవిడే ఎత్తింది, దాచలేదు. ట్రాఫిక్ స్టాప్ లో అరెస్టయిన మూడో రోజుకి సెల్ లో చనిపోయి కనిపించిందా అమ్మాయి, తర్వాత తనిఖీలో అక్కడ ఆ గంటకోసారి ఎదురుగా చూడటం సరిగ్గా జరగలేదని తేలింది. 2017 లో ఆమె పేరు మీదే టెక్సస్ చట్టం చేసింది, జైల్లో ఎవరైనా చనిపోతే ఆ షెరీఫ్ ఆఫీస్ కాకుండా బయటి ఏజెన్సీ దర్యాప్తు చేయాలి అనేది అందులో ఒకటి. "ఈ బటన్ మాకు పేపర్ వర్క్ కాదు" అంది సార్జంట్. ఇంకో మాట కూడా చెప్పింది, ఇక్కడున్న వాళ్ళలో ఎక్కువమందికి ఇంకా నేరం రుజువు కాలేదు, కేసు నడుస్తోంది, బెయిల్ కట్టలేక ఉన్నవాళ్ళూ ఉన్నారు, రేపు వీళ్ళలో ఎవరు నిర్దోషిగా ఇంటికెళ్తారో మాకు తెలీదు కాబట్టి అందర్నీ అలాగే చూసుకోవాలి అని. శిక్ష పడ్డ పెద్ద కేసుల వాళ్ళు స్టేట్ జైళ్ళకి వెళ్ళిపోతారు. అరెస్టయిన మనిషిని నలభై ఎనిమిది గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ఆ జైల్లోనే చిన్న గది ఉంది దానికి, రోజూ జరుగుతుందంట.

మొగుడూ పెళ్ళాల గొడవల మీద ఒక క్లాస్ అంతా పెట్టారు, మనవాళ్ళ కోసమే పెట్టారా అనిపించింది నాకు. మన ఊళ్ళల్లో అయితే స్టేషన్ లో కూర్చోబెట్టి, పెద్దమనుషుల్ని పిలిపించి రాజీ చేసి పంపిస్తారు. ఇక్కడ ఎమర్జెన్సీ నంబర్ 911 కి కాల్ వెళ్ళాక డిప్యూటీ వచ్చి ఇద్దర్నీ విడదీసి విడివిడిగా మాట్లాడతాడు, దెబ్బలు చూస్తాడు, చేయి చేసుకున్నారని ఆధారం కనపడితే అరెస్ట్ చేస్తాడు. పొద్దున్నే భార్య వచ్చి కోపంలో అన్నానండీ కేసు వెనక్కి తీసుకుంటా అంటే కుదరదు, కేసు ఆవిడది కాదు, స్టేట్ ది, నడపాలా వద్దా అన్నది ప్రాసిక్యూటర్ నిర్ణయం. పైగా మేజిస్ట్రేట్ ప్రొటెక్టివ్ ఆర్డర్ ఇస్తే మామూలుగా 31 రోజుల నుంచి 61 రోజుల దాకా ఆయన ఆ ఇంటి ఛాయలకి రాకూడదని పెట్టొచ్చు, భార్యే రమ్మని పిలిచినా సరే. అది విని కొందరు ఇంత కఠినమా అన్నారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. రాజీ పేరుతో మళ్ళీ అదే ఇంటికి పంపించిన ఆడపిల్లలు నాకు తెలుసు, కాబట్టి కనీసం కొన్ని వారాలు ఊపిరి పీల్చుకునే టైమ్ ఇచ్చే ఆ కాగితం నాకు మంచిదే అనిపించింది.

911 కాల్స్ ఎత్తి కార్లు పంపే డిస్పాచ్ రూమ్ లో హెడ్‌సెట్ పెట్టుకుని పక్కన కూర్చుని వినొచ్చు. లైట్లు తక్కువ, ఒక్కొక్కరి ముందు ఆరేడు స్క్రీన్లు. ఫోన్ ఎత్తగానే వాళ్ళడిగేది ఏమైంది అని కాదు, ఎక్కడ అని. లైన్ తెగిపోయినా కారు పంపాలంటే అడ్రస్ ఒక్కటి చాలు, అందుకని. సెల్ ఫోన్ నుంచి చేస్తే మ్యాప్ మీద ఒక వలయం కనిపిస్తుంది, ఆ వలయంలో మా లాంటి కమ్యూనిటీలో పది పన్నెండు ఇళ్ళు పడతాయి, ఏ ఇల్లో మనమే చెప్పాలి. అడ్రస్ మీద సిటీ పేరు ఒకటి, పరిధి ఇంకొకటి ఉన్న మాలాంటి వాళ్ళ కాల్స్ రోజూ ఉంటాయంట, తప్పు చోటికి వెళ్ళిన కాల్ ని వాళ్ళే అటు నుంచి ఇటు మారుస్తారు, కంగారు పడి పెట్టేయకుండా లైన్ లో ఉండాలి. పొరపాటున డయల్ అయినా అంతే, కట్ చేయకుండా పొరపాటున తగిలిందని చెప్పాలి, లేదంటే వాళ్ళు వెనక్కి ఫోన్ చేయాలి, ఎత్తకపోతే కారు పంపాలి. భాష గురించి అడిగితే తెలుగు అన్న ఒక్క మాట చాలు అన్నారు, ఫోన్ లోకే ఇంటర్‌ప్రెటర్ ని కలుపుతారు, కొంచెం టైమ్ పడుతుంది అంతే. నేను కూర్చున్నంతసేపు ఎక్కువ వచ్చినవి రోడ్డు మీద ఆగిపోయిన కార్లు, ఛాతీలో నొప్పి, పక్కింటి వాళ్ళ మ్యూజిక్. ఒక పెద్దావిడ గాభరాగా చేసింది, భర్త కింద పడ్డాడు, లేవట్లేదు. ఆ డిస్పాచర్ కుర్రాడు ఒక చేత్తో అంబులెన్స్ కి టైప్ చేస్తూనే ఆవిడ చేత ఛాతీ మీద నొక్కించాడు, తనే ఒకటి రెండు మూడు నాలుగు అని గట్టిగా లెక్కపెడుతూ, అవతల వాళ్ళు తలుపు తీసుకుని వచ్చిన చప్పుడు వినపడేదాకా ఆపలేదు. ఆయన బతికాడా అని అడిగా. సాధారణంగా మాకు తెలీదండీ, అన్నాడు. నెక్స్ట్ కాల్ అప్పటికే మోగుతోంది.

కోర్టు సెక్యూరిటీ, వారంట్లు, ఖైదీల్ని ఆస్పత్రికి వేరే కౌంటీకి తీసుకెళ్ళడం, రికార్డ్స్ కౌంటర్, ఇవన్నీ ఒక సాయంత్రంలో చూపించేశారు. ట్యాక్స్ కట్టని ఇళ్ళ వేలం గురించి మాత్రం మనవాళ్ళు చాలా ప్రశ్నలేశారు, నెలలో మొదటి మంగళవారం జరుగుతుంది అది. చవగ్గా వస్తుందని ఎగబడేవాళ్ళకి ఒక్కటే చెప్తా, యజమాని ఉంటున్న ఇల్లయితే రెండేళ్ళలోపు పాతవాళ్ళు అదనం కట్టి వెనక్కి తీసుకునే హక్కు ఉంది, లాయర్ ని అడక్కుండా దిగొద్దు.

ఆఖర్న రైడ్-అలాంగ్, అంటే గస్తీ కార్లో డిప్యూటీతో తిరగడం, రాత్రి షిఫ్ట్. నాకు పడ్డ డిప్యూటీ చిన్న కుర్రాడు, ఎక్కగానే రేడియోలో సాయం ఎలా అడగాలో నాకు నేర్పించాడు, నాకేదైనా అయితే మీరే పిలవాలి అన్నాడు. మొదటి కాల్ ఇంటి అలారం, తీరా చూస్తే గృహప్రవేశానికి కట్టిన హీలియం బెలూన్ ఏసీ గాలికి కదిలి సెన్సర్ ముందుకొచ్చింది. ఇల్లు మనవాళ్ళదే, ఊర్లో లేరు, అయినా ఇంటి చుట్టూ తిరిగి ప్రతి తలుపూ, కిటికీ చూసుకున్నాకే కదిలాడు. తర్వాత వేరే రాష్ట్రంలో ఉన్న కూతురు ఫోన్ చేసింది, నాన్న ఫోన్ ఎత్తట్లేదు, వెళ్ళి చూడమని. ఆయన బానే ఉన్నాడు, ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ కి పెట్టి మర్చిపోయాడు, డిప్యూటీ అక్కడే నిలబడి ఆయన చేత కూతురికి ఫోన్ చేయించి మరీ వచ్చాడు.

అర్ధరాత్రి దాటాక ఎఫ్‌ఎం రోడ్డు (ఫార్మ్-టు-మార్కెట్, పల్లెల్ని కలిపే రాష్ట్ర రోడ్డు) మీద ఆవులు అని కాల్. నల్ల ఆంగస్ ఆవులు, లైట్లు లేని రోడ్డు, దగ్గరికెళ్ళేదాకా కళ్ళ మెరుపు తప్ప ఏం కనపడదు, డెబ్భై మైళ్ళ స్పీడ్ లో వచ్చే కారుకి అసలు కనపడవు. కారు అడ్డం పెట్టి లైట్లు వేశాడు, అటు వైపు ఇంకో కారు వచ్చింది. తప్పిపోయిన పశువుల బాధ్యత టెక్సస్ లో చట్ట ప్రకారం షెరీఫ్ దే, దీనికని ట్రైలర్ వేసుకుని తిరిగే డిప్యూటీ విడిగా ఉన్నాడు. చెవి ట్యాగ్ చూస్తారు, వాత ముద్ర చూస్తారు, ఆ ముద్రలు కౌంటీ క్లర్క్ దగ్గర రిజిస్టర్ అయి ఉంటాయి, యజమాని దొరక్కపోతే దొడ్లో పెట్టి నోటీస్ ఇచ్చి చివరికి వేలం వేస్తారు. అచ్చం మన బందెలదొడ్డి. మా తాతయ్య గేదె ఎవరి చేలోనో పడితే దండుగ కట్టి విడిపించుకొచ్చిన సంగతి చెప్తే ఆ కుర్రాడు నమ్మలేదు, ఇండియాలో అది 1871 నుంచి ఉన్న చట్టం అని చెప్తే ఇంకా ఆశ్చర్యపోయాడు. యజమాని దొరికాడు, నిద్రమొహంతో పికప్ లో వచ్చి, బకెట్ లో దాణా వేసి గలగలా ఆడించాడు, అంతే, ఆవులన్నీ తలలెత్తి వరసగా ఆయన వెనకాలే కంచె లోపలికి నడిచి వెళ్ళాయి. డిప్యూటీ ఆ తెగిన కంచె దగ్గర టార్చ్ పట్టుకుని, ఆయన తీగ కట్టేసేదాకా ఉన్నాడు.

అకాడమీ అయ్యాక కమ్యూనిటీ రిలేషన్స్ వాళ్ళని అడిగి మా క్లబ్‌హౌస్ లో అమ్మానాన్నల కోసం ఒక సాయంత్రం పెట్టించాం. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేది వాళ్ళే కదా, పిల్లలు ఆఫీస్ కి పోయాక. ఆ డిస్పాచర్ కుర్రాడే వచ్చాడు, నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పా. అడ్రస్ కాగితం మీద రాసి ఫ్రిజ్ కి అంటించమన్నాడు, చివర్లో కౌంటీ పేరు కూడా. పెద్దవాళ్ళు మొదట మొహమాటపడ్డారు, కాసేపటికి ఆపడం కష్టమైంది. ఒంగోలు నుంచి వచ్చిన ఒక బాబాయి గారు లేచి, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళం, మేము 911 కి ఫోన్ చేస్తే రేపు వీసాకి ఏమైనా ఇబ్బందా అని అడిగారు, గదిలో అందరి మనసులో ఉన్న ప్రశ్న అదే. "ఎక్కడ, ఏమైంది, ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఇవే నేనడిగేది. వీసా గురించి రాసుకునే చోటు నా స్క్రీన్ మీద లేదండీ" అన్నాడు. నేను తెలుగులో చెప్పాక కూడా బాబాయి గారు నా వైపు చూసి నిజమేనా అమ్మా అని ఇంకోసారి అడిగారు, నిజమే అన్నా. ఉగాది అయ్యాక ఇంకో సాయంత్రం పెడుతున్నాం, ఈసారి ట్రాఫిక్ స్టాప్ గురించి, డిప్యూటీ కారుతో సహా వస్తానన్నాడు, కారు ఆపగానే మన ఊళ్ళో లాగా డోర్ తీసుకుని దిగి వాళ్ళ దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళకూడదు, చేతులు స్టీరింగ్ మీద కనపడేలా పెట్టి లోపలే కూర్చోవాలి అన్నది పార్కింగ్ లాట్ లో చేసి చూపిస్తారంట. చుట్టుపక్కల కమ్యూనిటీల వాళ్ళు కూడా రావచ్చు.